గద్వాల చీర ఏ కేటగిరీలో ఉండాలి? ఆన్‌లైన్ దుకాణానికి తగిన బ్రెడ్‌క్రంబ్ ఎంపిక

ఆన్‌లైన్ దుకాణంలో ఒక చీర పేజీ తెరిస్తే ఫొటోకు పైన, సన్నని అక్షరాల్లో "హోమ్ › చేనేత చీరలు › గద్వాల చీరలు" అనే వరుస కనిపిస్తుంది. సైట్లు తయారుచేసేవారు దీన్ని బ్రెడ్‌క్రంబ్ అంటారు. చాలామంది దుకాణదారులు థీమ్‌తో, అంటే సైట్ రూపానికి వాడే సిద్ధమైన నమూనాతో, పాటు వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచేస్తారు. అది ఏ రకానిది, ఏ లెక్కన ఆ పేర్లను ఎంచుకుంటోంది, ఫోన్‌లో ఎలా కనిపిస్తోంది అన్న ఆలోచన సాధారణంగా రాదు. సొంతంగా చీరల దుకాణం నడుపుతున్నవారికి, అలాంటి దుకాణాలకు సైట్ చేసిపెట్టేవారికి ఆ ఎంపికలో సాయపడటానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఉదాహరణలు చేనేత చీరల నుంచి తీసుకున్నాను, ఎందుకంటే కేటగిరీల చిక్కు ఇంత స్పష్టంగా బయటపడే సరుకులు తక్కువ.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. కొనుగోలుదారు హోమ్ పేజీతో మొదలుపెట్టి, మెనూ చూసుకుంటూ, ఒక్కో మెట్టూ దిగి చీర దగ్గరికి వస్తారన్నది సైట్ తయారుచేసేవారి ఊహ మాత్రమే. అక్క వాట్సాప్‌లో పంపిన లింకో, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ప్రకటనో, గూగుల్‌లో చేసిన వెతుకులాటో చీర కొనాలనుకుంటున్నామెను నేరుగా ఒక చీర పేజీలో దింపుతుంది. ఆ చీర రంగు నచ్చలేదనుకుందాం. ఫోన్‌లో వెనక్కి వెళ్లే మీట నొక్కితే ఆమె మళ్లీ వాట్సాప్‌లోకే పోతుంది. మెనూ తెరిస్తే పాతిక ముప్పై పేర్లు ఎదురవుతాయి. "ఇలాంటివి ఇంకేమున్నాయి?" అన్న ప్రశ్నకు ఒక్క నొక్కుతో జవాబు చెప్పగలిగేది ఆ సన్నని వరుసే. అందుకే ఏ రకం బ్రెడ్‌క్రంబ్ మేలని తూచేటప్పుడు, బయటినుంచి నేరుగా వచ్చిపడిన ఈ మనిషికి అది పనికొస్తుందా లేదా అన్నదాన్నే మొదటి పరీక్షగా పెట్టుకున్నాను.

మూడు రకాలు, మూడు ప్రశ్నలు

బ్రెడ్‌క్రంబ్‌లను మూడు రకాలుగా విడదీసి చూపినవాడు వెబ్‌సైట్ల అమరికలో నిపుణుడైన కీత్ ఇన్‌స్టోన్. 2002లో ఆయన చేసిన ఆ విభజననే ఈ రంగంలో నేటికీ వాడుతున్నారు. మొదటిది స్థానాన్ని చెప్పేది: ఈ చీర దుకాణంలో ఎక్కడ ఉంది? రెండవది నడిచిన దారిని చెప్పేది: మీరు ఏయే పేజీలు దాటుకుంటూ ఇక్కడికి వచ్చారు? మూడవది లక్షణాలను చెప్పేది: మీరు చూస్తున్న సరుకు ఏయే గుణాలున్నది, అంటే ఎరుపు, పట్టు, పెద్దంచు వగైరా. కంటికి మూడూ ఒకేలా, పేర్ల మధ్య బాణం గుర్తులతో కనిపిస్తాయి కాబట్టి వీటిని కలిపేసుకోవడం తేలిక. లోపల పనిచేసే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు.

స్థానాన్ని చెప్పేది

పది దుకాణాల్లో తొమ్మిదింటికి నేను సూచించేది ఇదే. లింక్ ఎవరు తెరిచినా, ఎక్కడినుంచి వచ్చినా ఒకే వరుస కనిపిస్తుంది. వాట్సాప్ నుంచి వచ్చిన మనిషికీ, గూగుల్ యంత్రానికీ, మెనూ మీదుగా వచ్చిన పాత కస్టమర్‌కూ తేడా ఉండదు. వెబ్‌సైట్ల వాడుక గురించి దశాబ్దాలుగా రాస్తున్న జేకబ్ నీల్సన్ కూడా 2007లోనే, బ్రెడ్‌క్రంబ్ చూపవలసింది సైట్ అమరికనే తప్ప మనిషి తిరిగిన దారిని కాదని తేల్చి చెప్పాడు.

అయితే ఈ రకంలో ఒక చిక్కుంది. దాన్ని పరిష్కరించుకోకుండా ముందుకు వెళ్తే మిగతా ఏర్పాట్లన్నీ వృథా. ఒక చీరకు ఒక్క చోటే ఉండదు. గద్వాల చీరనే తీసుకోండి. సంప్రదాయ పద్ధతిలో దాని బాడీ నూలుది, అంచూ కొంగూ పట్టువి. దుకాణం "పట్టు చీరలు", "నూలు చీరలు" అని రెండు పెద్ద కేటగిరీలు పెట్టుకుంటే ఈ చీర ఎటు వెళ్లాలి? వ్యాపారులు దాన్ని సీకో (సిల్క్, కాటన్ కలిసినది) అంటారు గనుక మూడవ కేటగిరీ తెరిస్తే, గద్వాలలోనే నేసిన పూర్తి పట్టు చీర పక్కింట్లో ఉండిపోతుంది. సందర్భాన్ని బట్టి విడదీస్తే అదే చీర పెళ్లికీ, వ్రతానికీ, ఆఫీసు పండుగకూ సరిపోతుంది. ధరను బట్టి విడదీస్తే నెలకోసారి కేటగిరీ మార్చవలసి వస్తుంది.

నేను వాడే పరీక్ష ఒకటే: బ్రెడ్‌క్రంబ్‌లో చీరకు వెంటనే ముందున్న పేరును నొక్కితే తెరుచుకునే పేజీ, ఈ చీర నచ్చని మనిషి తరువాత చూడాలనుకునే పేజీయేనా? గద్వాల చీర చూస్తున్నామె "ఇదే నేత, వేరే రంగు" కోసం వెతికే అవకాశమే ఎక్కువ. బాడీ నూలుది కదా అని ఆమెను మంగళగిరి నిజాం అంచు చీరల మధ్య దింపితే ఆమె వచ్చిన పని తప్పుతుంది. పట్టు ఉంది కదా అని ధర్మవరం పెళ్లి చీరల్లో దింపితే ధర చూసి వెనక్కి తగ్గుతుంది. కాబట్టి చేనేత దుకాణానికి నేత ఊరే సొంతిల్లు కావాలి: గద్వాల, పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి, నారాయణపేట, మంగళగిరి, ధర్మవరం. నూలా పట్టా, ఏ రంగు, ఏ సందర్భం, ఎంత ధర అన్నవన్నీ ఫిల్టర్లలోకి పోవాలి. ఇది అన్ని దుకాణాలకూ వర్తించే సూత్రం కాదు. మర చీరలు అమ్మే దుకాణానికి నేత ఊరు అనేదే ఉండదు. అక్కడ జార్జెట్, షిఫాన్, క్రేప్ వంటి బట్ట రకమే సహజమైన ఇల్లు. రెండూ అమ్మేవారు మొదటి మెట్టులో చేనేతను వేరుచేసి, దాని కింద ఊళ్లనూ, రెండవదాని కింద బట్ట రకాలనూ పెట్టుకోవచ్చు. అన్ని కొమ్మలూ ఒకే సూత్రం మీద విడిపోవాలన్న నియమమేమీ లేదు, అలా పట్టుబట్టినచోటే అమరిక కృత్రిమంగా తయారవుతుంది.

మెట్ల సంఖ్య గురించి రెండు మాటలు చాలు. దుకాణంలో చీరలు తప్ప మరేమీ లేనప్పుడు "హోమ్ › చీరలు › చేనేత చీరలు" అన్న వరుసలో నడిమి మాట దండగ. ఒకే ఒక్క ఉపకేటగిరీ ఉన్న కేటగిరీ కూడా అలాంటిదే. హోమ్ కాక రెండు మెట్లు, పెద్ద దుకాణమైతే మూడు, అంతకు మించితే మెనూ తయారుచేసినవారి సరదా తప్ప కొనేవారి అవసరం కాదు.

నడిచిన దారిని చెప్పేది

దుకాణదారులకు ఈ రకం మొదట ఆకర్షణీయంగా అనిపిస్తుంది, కస్టమర్ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే పంపుతున్నాం కదా అని. కానీ ఆ పని బ్రౌజర్‌లోని వెనక్కి మీట ఇప్పటికే చేస్తోంది. వాట్సాప్ నుంచి వచ్చినామెకు సైట్‌లో నడిచిన దారే లేదు కాబట్టి వరుసలో "హోమ్" ఒక్కటే మిగులుతుంది. అటూ ఇటూ బాగా తిరిగిన మనిషికైతే ఒకే పేరు రెండుసార్లు వచ్చే పొడవాటి గొలుసు తయారవుతుంది. మొదటి పరీక్షలోనే ఇది తప్పుతుంది.

అయినా దీని వెనుక ఉన్న అవసరం నిజమైనదే, దాన్ని తోసిపుచ్చకూడదు. ఒకామె ఉప్పాడ జామ్‌దానీ చీరల జాబితా తెరిచి, పదివేల లోపు, లేత రంగులు అని ఫిల్టర్ పెట్టి, రెండు మూడు పేజీలు కిందికి దిగి, ఒక చీర తెరిచిందనుకుందాం. అది నచ్చక బ్రెడ్‌క్రంబ్‌లో "ఉప్పాడ చీరలు" నొక్కితే ఫిల్టర్లన్నీ పోయి, మొదటి పేజీ మొదటి చీర దగ్గర నిలబడుతుంది. చీరలు చూసేవారిలో ఇంత చిరాకు తెప్పించే సంగతి మరొకటి లేదు. ఇలాంటి దుకాణాల వాడుకను పరిశీలించే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ అందుకే స్థానాన్ని చెప్పే వరుసతో పాటు, వచ్చిన జాబితాకు తిరిగి పంపే లింక్ కూడా ఉండాలని సూచిస్తుంది. అమెజాన్‌లో వెతికి ఒక వస్తువు తెరిస్తే "ఫలితాలకు తిరిగి వెళ్లండి" అన్న అర్థం వచ్చే లింక్ పైన కనిపించడం చాలామంది చూసే ఉంటారు. అది ఈ రకానికి చెందినదే, గొలుసుగా కాక ఒకే ఒక్క మెట్టుగా.

నా సలహా కూడా అదే. నడిచిన దారిని బ్రెడ్‌క్రంబ్‌గా మార్చవద్దు. దాని పక్కనో పైనో "మీరు చూస్తున్న జాబితాకు" అన్న ఒక్క లింక్ పెట్టండి. కస్టమర్ నిజంగా జాబితా నుంచి వచ్చినప్పుడే అది కనిపించాలి. ఇది పనిచేయాలంటే ఫిల్టర్లు పేజీ చిరునామాలో నమోదు కావాలి, తిరిగి వచ్చినప్పుడు ఆమె ఆపిన చీర దగ్గరే జాబితా తెరుచుకోవాలి. ఈ రెండవది చేయడం డెవలపర్‌కు కాస్త కష్టమే, ముఖ్యంగా కిందికి జరిపేకొద్దీ కొత్త చీరలు తమంతట తామే వచ్చే జాబితాల్లో. ఆ కష్టం పడలేనివారు ఫిల్టర్లనైనా నిలబెట్టండి.

లక్షణాలను చెప్పేది

"హోమ్ › చీరలు › ఎరుపు › పట్టు › పెద్దంచు" అనే వరుసను చూడండి. ఎరుపు కింద పట్టు ఉందా, పట్టు కింద ఎరుపు ఉందా? ఆమె ఏ ఫిల్టర్ ముందు నొక్కితే అది ముందు వస్తుంది. నాలుగు ఫిల్టర్లను 24 వరుసల్లో పేర్చవచ్చు. ప్రతి వరుసకూ ఒక చిరునామా పుట్టే సైట్లలో ఒకే జాబితాకు 24 పేజీలు తయారై, గూగుల్‌కు ఏది అసలుదో తెలియక తికమకపడే స్థితి వస్తుంది. బాణం గుర్తు ఒకదాని లోపల మరొకటి ఉందని చెబుతుంది, లక్షణాలకు ఆ లోపల వెలుపల సంబంధమే లేదు. అందుకని వీటిని బాణాలు లేకుండా, జాబితా పైభాగంలో ఒక్కొక్కటీ విడిగా, పక్కన తీసివేసే గుర్తుతో బిళ్లల్లా చూపడమే సరైన పద్ధతి. చీర పేజీలో వీటికి చోటు లేదు.

ఒక మినహాయింపు చెప్పాలి. "పెళ్లి పట్టు చీరలు" అన్నది ఫిల్టర్ల కలయికే అయినా, జనం ఆ మాటతోనే వెతుకుతారు. అలాంటి వాటికి సొంత పేజీ, సొంత పేరు, స్థిరమైన చిరునామా ఇవ్వడం మంచిది. ఆ పేజీ బ్రెడ్‌క్రంబ్ "హోమ్ › పెళ్లి పట్టు చీరలు" అని ఉంటుంది. కానీ అక్కడ కనిపించే ధర్మవరం చీర పేజీ తెరిచినప్పుడు దాని వరుస ధర్మవరాన్నే చూపాలి.

మీ సైట్ దేనిమీద నడుస్తోందన్నది అసలు ప్రశ్న

ఏ రకం మంచిదో కాగితం మీద తేల్చుకున్నాక, వాడుతున్న సాఫ్ట్‌వేర్ దాన్ని చేయనిస్తుందా అన్నది చూడాలి. నిర్ణయాలు ఎక్కువగా తారుమారయ్యేది ఇక్కడే, అందుకే ఈ భాగాన్ని కాస్త వివరంగా చెబుతాను.

వర్డ్‌ప్రెస్ సైట్లలో దుకాణం నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వూకామర్స్‌లో కేటగిరీల కింద ఉపకేటగిరీలు పెట్టుకునే వీలుంది, బ్రెడ్‌క్రంబ్ కూడా దానితోనే వస్తుంది. ఒక చీరను ఒకటికి మించిన కేటగిరీల్లో పెట్టినప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి. మామూలు అమరికలో అది చీరకున్న కేటగిరీలన్నిటినీ తీసుకుని, వాటి తల్లి కేటగిరీ నంబరును బట్టి పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, మొదట నిలిచినదాన్ని వరుసలో చూపుతుంది. ఆ నంబర్లు కేటగిరీలు సృష్టించిన క్రమంలో పెరుగుతూ పోతాయి. దీని ఫలితం ఎలా ఉంటుందంటే, దుకాణం తెరిచిన రోజున "చేనేత చీరలు", దాని కింద "గద్వాల చీరలు" పెట్టారు. ఏడాది తరువాత "ఆఫర్లు" అని కొత్త కేటగిరీ తెరిచి, దాని కింద "సంక్రాంతి ఆఫర్లు" పెట్టి, కొన్ని గద్వాల చీరలను అందులో కూడా టిక్ చేశారు. "ఆఫర్లు" తరువాత పుట్టింది కాబట్టి దాని నంబరు పెద్దది. ఆ క్షణం నుంచి ఆ చీరల బ్రెడ్‌క్రంబ్ "హోమ్ › ఆఫర్లు › సంక్రాంతి ఆఫర్లు" అని మారిపోతుంది. పండుగ వెళ్లిపోయినా టిక్ తీయకపోతే ఉగాదికి కూడా అదే కనిపిస్తుంది. దుకాణదారుకు తానేమీ మార్చలేదనే అనిపిస్తుంది, ఎందుకంటే బ్రెడ్‌క్రంబ్ జోలికి వెళ్లలేదు కదా.

దీనికి మూడు మార్గాలున్నాయి. ఆఫర్లను కేటగిరీలుగా కాక ట్యాగులుగా పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక, ఖర్చు లేనిది. నేనైతే ముందు దాన్నే చేయమంటాను. రెండవది, యోస్ట్ లేదా ర్యాంక్ మ్యాథ్ వంటి ప్లగిన్‌లో (సైట్‌కు అదనంగా తగిలించుకునే సాఫ్ట్‌వేర్ ముక్కలో) ప్రతి చీరకూ ముఖ్య కేటగిరీని గుర్తుపెట్టి, థీమ్‌లో ఆ ప్లగిన్ ఇచ్చే బ్రెడ్‌క్రంబ్‌నే వాడటం. ఇక్కడ ఒక హెచ్చరిక: ముఖ్య కేటగిరీని ప్లగిన్‌లో గుర్తుపెట్టి, పేజీ మీద మాత్రం వూకామర్స్ సొంత వరుసనే ఉంచితే కంటికి కనిపించేది ఒకటి, గూగుల్‌కు అందేది మరొకటి అవుతుంది. మూడవది, ఏ కేటగిరీని తీసుకోవాలో చెప్పే చిన్న కోడ్‌ను డెవలపర్ చేత రాయించుకోవడం. వూకామర్స్ అందుకు వీలు కల్పించింది.

ఆన్‌లైన్ దుకాణాలు నడిపే మరో సాఫ్ట్‌వేర్ షాపిఫైలో చిక్కు మరో రకంగా ఉంటుంది. అక్కడ సరుకును కలెక్షన్లలో పెడతారు; ఒక కలెక్షన్ లోపల మరో కలెక్షన్ ఉండే తల్లీపిల్లల అమరిక దానికదిగా లేదు. పైగా ఒకే చీరకు రెండు రకాల చిరునామాలు ఉండవచ్చు: కలెక్షన్ పేరు మీదుగా వచ్చేది, నేరుగా చీర పేరుతో ఉండేది. అసలు చిరునామాగా గూగుల్‌కు చెప్పేది రెండవదాన్ని. థీమ్‌లోని మామూలు బ్రెడ్‌క్రంబ్ ముక్క చిరునామాలో కలెక్షన్ ఉంటేనే దాని పేరు చూపగలుగుతుంది. అంటే దుకాణంలో తిరుగుతున్నామెకు "హోమ్ › గద్వాల చీరలు › ఈ చీర" అని కనిపించే పేజీయే, గూగుల్ నుంచి వచ్చినామెకు "హోమ్ › ఈ చీర" అని కనిపిస్తుంది. ఎవరికి అవసరం ఎక్కువో వారికే అది అందడం లేదన్నమాట. దుకాణదారు పరీక్షించేటప్పుడు ఎప్పుడూ తన మెనూ మీదుగానే వెళ్తారు కాబట్టి ఈ లోపం ఆయన కంటపడదు. పరిష్కారం: ప్రతి చీరకూ "ముఖ్య కలెక్షన్" అనే అదనపు గడి, షాపిఫై మాటలో మెటాఫీల్డ్, పెట్టి, చిరునామాతో నిమిత్తం లేకుండా థీమ్ ఆ గడిలోని పేరునే చదివేలా మార్పించుకోవడం. ఇందుకోసం నెలనెలా డబ్బు తీసుకునే యాప్‌లున్నాయి. చీరలు వందల్లో ఉంటే ఒకసారి కూర్చుని గడులు నింపుకోవడమే చవక.

మజెంటో లేదా అడోబీ కామర్స్ వాడే పెద్ద దుకాణాల్లోనూ ఇలాంటిదే ఉంది. పేజీలను ముందే తయారుచేసి నిల్వ ఉంచే పద్ధతి వల్ల, దాని లూమా థీమ్‌లో సరుకు పేజీ బ్రెడ్‌క్రంబ్‌ను బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ అప్పటికప్పుడు పూర్తిచేస్తుంది. ఇంతకుముందు ఏ కేటగిరీ పేజీ నుంచి వచ్చారో చూసి పేరు నింపుతుంది. బయటినుంచి వచ్చినవారికి నింపడానికి ఏమీ ఉండదు. ఈ మూడు సాఫ్ట్‌వేర్లలోనూ జరుగుతున్నది నిజానికి ఒక్కటే: దుకాణదారు "ఈ చీర సొంతిల్లు ఇది" అని ఎక్కడా చెప్పకపోవడంతో యంత్రం తనకు తోచిన ఇల్లు వెతుక్కుంటోంది.

గూగుల్ కోసం ఎంత కష్టపడాలి

గూగుల్ తన ఫలితాల్లో పేజీ చిరునామాకు బదులు బ్రెడ్‌క్రంబ్ చూపడం 2009లో మొదలుపెట్టింది. 2025 జనవరిలో ఫోన్ ఫలితాల నుంచి దాన్ని తీసేసి, సైట్ డొమైన్ (చిరునామాలోని మొదటి భాగం) మాత్రమే చూపుతామని ప్రకటించింది. కంప్యూటర్‌లో చూసేవారికి ఇంకా కనిపిస్తుంది. మీ కస్టమర్లు ఎక్కువగా ఫోన్‌లో వెతికేవారైతే, గూగుల్‌లో అందంగా కనబడుతుందన్న మాట నమ్మి దీనిమీద విడిగా డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

అలాగని పూర్తిగా వదిలేయనూ అక్కర్లేదు. బ్రెడ్‌క్రంబ్‌ను యంత్రాలు చదవగలిగే రూపంలో, అంటే స్కీమా డాట్ ఆర్గ్ వారి బ్రెడ్‌క్రంబ్‌లిస్ట్ అనే పద్ధతిలో, పేజీలో రాసిపెట్టడం చిన్న పని. మంచి థీమ్‌లు, ప్లగిన్‌లు దాన్ని తామే చేస్తాయి. కనీసం రెండు మెట్లు ఉండాలి, మొదటి మెట్టు నంబరు ఒకటితో మొదలవ్వాలి, చివరి మెట్టుకు చిరునామా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఒక పేజీకి రెండు వరుసలు రాసినా గూగుల్ ఒప్పుకుంటుంది కాబట్టి, "ధర్మవరం చీరలు" అనీ "పెళ్లి పట్టు చీరలు" అనీ రెండూ చెప్పుకోవచ్చు. కంటికి కనిపించేది మాత్రం ఒక్కటే ఉండనివ్వండి. ఈ వరుస పేజీ చిరునామాలోని ముక్కలను యథాతథంగా దించినట్టు కాక, మనిషి సహజంగా నడిచే దారిలా ఉండాలని గూగుల్ సూచన, అది మనం ముందు పెట్టుకున్న పరీక్షకు దగ్గరగానే ఉంది.

ఫోన్ తెర, తెలుగు అక్షరం

కంప్యూటర్ మీద చక్కగా ఒక వరుసలో ఇమిడిన "హోమ్ › చేనేత చీరలు › వెంకటగిరి చీరలు › లేత ఆకుపచ్చ వెంకటగిరి జరీ అంచు నూలు చీర" ఫోన్‌లో మూడు వరుసలై, చీర ఫొటోను కిందికి నెట్టేస్తుంది. దీనికి మూడు విరుగుళ్లు వాడుకలో ఉన్నాయి. మొదటిది పక్కకు జరిపే వరుస. చోటు మిగులుతుంది కానీ అటు జరపవచ్చని చాలామందికి తెలియదు. రెండవది నడిమి మెట్లను మూడు చుక్కల వెనుక దాచడం. ఒక నొక్కుతో పోయే పనిని రెండు నొక్కులు చేస్తుంది. మూడవది తల్లి కేటగిరీని ఒక్కదాన్నే "‹ వెంకటగిరి చీరలు" అని చూపడం. ఫోన్‌కు నేను మూడవదానివైపే మొగ్గుతాను. హోమ్‌కు వెళ్లడానికి పైన దుకాణం గుర్తు ఎలాగూ ఉంది. నచ్చని చీర నుంచి దాని తోబుట్టువుల దగ్గరికి వెళ్లడమే ముఖ్యమైన పని, దానికి ఒక్క మెట్టు చాలు.

చీర పూర్తి పేరును బ్రెడ్‌క్రంబ్ చివర పెట్టాలా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. చేనేత చీరల పేర్లు పొడవు, పైగా అదే పేరు కింద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చీర పేజీలో దాన్ని వదిలేయడమే నాకు నచ్చుతుంది. పెట్టదలిస్తే దానికి లింక్ ఉండకూడదు, ఉన్న పేజీకే మళ్లీ పంపే లింక్ వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

తెలుగులో పేర్లు పెట్టే దుకాణాలు మరికొన్ని సంగతులు చూసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన పరిమాణం, వరుసల మధ్య ఖాళీ మన ఒత్తులకు, గుడులకు చాలవు; "పోచంపల్లి"లో లావొత్తు కింద తెగిపోయిన సైట్లు కనిపిస్తూనే ఉంటాయి. పేరు పొడవైతే ఇన్ని అక్షరాల తరువాత కత్తిరించమని కోడ్ రాసినచోట ఇంకా ఘోరం జరుగుతుంది. కంప్యూటర్ లెక్కలో "గద్వాల" అనే మాట గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల అని ఆరు ముక్కలు. మూడు ముక్కల తరువాత కోస్తే తెర మీద "గద్…" అని మిగులుతుంది, "ఉప్పాడ" కూడా అలాగే "ఉప్…" అవుతుంది. ముక్కల లెక్కతో కోయకుండా, చోటు చాలనప్పుడు బ్రౌజర్ తానే చుక్కలు పెట్టేలా చేయించుకోండి. అంతకన్నా మంచిది, కేటగిరీకి మొదటే చిన్న పేరు పెట్టుకోవడం. ఊరి పేరు ఉన్నచోట "చీరలు" అని మళ్లీ రాయకపోయినా చీరల దుకాణంలో ఎవరూ పొరబడరు.

వేలితో నొక్కేందుకు చోటు ఎంత ఉండాలన్నదానికి కొలత ఉంది. వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండటానికి 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు నొక్కే లింక్‌కు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు, లేదా చుట్టూ అంతకు తగిన ఖాళీ ఉండాలంటాయి. ఒంటరిగా నిలిచే "‹ వెంకటగిరి" వంటి లింక్‌కు ఇంకా ఎక్కువ ఇవ్వడంలో నష్టం లేదు. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవారి కోసం ఈ వరుసను క్రమసంఖ్య జాబితాగా రాసి, దానికి "బ్రెడ్‌క్రంబ్" అన్న పేరు తగిలించి, బాణం గుర్తులను అలంకారంగా మాత్రమే ఉంచాలి. లేకపోతే ప్రతి పేరు తరువాతా ఆ గుర్తు పేరు కూడా వినబడుతుంది. పేజీ భాష ఇంగ్లిష్ అని ప్రకటించి, మధ్యలో తెలుగు పేర్లు పెట్టినప్పుడు ఆ ముక్క తెలుగని విడిగా చెప్పకపోతే, ఇంగ్లిష్ గొంతు ఆ పేర్లను దాటేయడమో చిత్రవధ చేయడమో జరుగుతుంది.

ఎవరికి ఏది, ఎవరికి అసలు వద్దు

నలభై చీరలు అమ్మే ఇంటి దుకాణానికి, పదిహేను రకాల పచ్చళ్లు అమ్మేవారికి బ్రెడ్‌క్రంబ్ అవసరం లేదు. సరుకంతా ఒకే పేజీలో కనిపిస్తున్నప్పుడు "హోమ్ › పచ్చళ్లు › ఆవకాయ" అని రాయడం ఒక గదిలో దారి చూపే బోర్డు పెట్టడం లాంటిది. ఫొటో కింద "మిగతా పచ్చళ్లు" అన్న లింక్ చాలు. రెండు మూడు వందల చీరలు, ఆరేడు నేత ఊళ్లు ఉన్న దుకాణానికి స్థానాన్ని చెప్పే వరుస, హోమ్ కాక రెండు మెట్లతో సరిపోతుంది; వచ్చిన జాబితాకు తిరిగి పంపే లింక్ వాయిదా వేసుకోవచ్చు. వేల చీరలు, బరువైన ఫిల్టర్లు ఉన్నచోట మాత్రం ఆ లింక్‌ను మొదటి రోజే పెట్టాలి, లక్షణాల బిళ్లలు కూడా. చీరలతో పాటు డ్రెస్ మెటీరియల్, దుప్పట్లు, పంచెలు అమ్మేవారు మూడవ మెట్టు తెరవక తప్పదు.

ఎంపిక సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకునేటప్పుడు మెనూ మీదుగా వెళ్లవద్దు. వేర్వేరు కేటగిరీల నుంచి కొన్ని చీరల లింకులు తీసి, మీకు మీరే వాట్సాప్‌లో పంపుకుని, ఫోన్‌లోని ప్రైవేట్ విండోలో ఒక్కొక్కటే తెరవండి. ఆఫర్లలో పెట్టిన చీరలను, రెండు కలెక్షన్లలో ఉన్నవాటిని, ఈ మధ్యే కేటగిరీ మార్చినవాటిని తప్పక చూడండి. వరుసలోని ప్రతి పేరూ నొక్కి, తెరుచుకున్న పేజీలో కనీసం నాలుగైదు చీరలున్నాయో లేదో చూసుకోండి.

ఆ పరీక్షలో అమ్ముడుపోయిన చీర ఒకటి తప్పక ఉండాలి. చేనేతలో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి, ఆ లింకులు మాత్రం చీర వెళ్లిపోయాక కూడా వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. అమ్ముడుపోగానే పేజీని తీసేస్తే వచ్చినవారికి "పేజీ లేదు" అన్న మాట తప్ప ఏమీ దొరకదు. హోమ్ పేజీకి మళ్లిస్తే తాము చూడాలనుకున్నది ఏమైందో వారికి అర్థం కాదు. పేజీని ఉంచి, కొనే బటన్ స్థానంలో చీర అమ్ముడుపోయిందని రాసి, బ్రెడ్‌క్రంబ్‌ను చెక్కుచెదరకుండా నిలపండి. కొన్ని సైట్లలో సరుకు అయిపోగానే చీర తన కలెక్షన్ నుంచి దానంతటదే తప్పుకునేలా నియమాలు పెడతారు. అలాంటిచోట ముఖ్య కేటగిరీ గడి ఆ నియమానికి లోబడకుండా విడిగా ఉందో లేదో డెవలపర్‌ను అడిగి తెలుసుకోండి.